కొత్త బండా, కొత్త దారా?

(పట్టాలెక్కిన ప్రపంచం – 23వ భాగం)

1955 మార్చి ఆఖరి వారం. ఫ్రాన్స్‌కు నైరుతి మూలన, బోర్డో నుంచి దాక్స్ వైపు పోయే రైలు మార్గం. అక్కడ నేల బల్లపరుపు. చుట్టూ పైన్ అడవులు. పట్టాలు కిలోమీటర్ల కొద్దీ వంపన్నది లేకుండా సాగిపోతాయి. 28న ఒక విద్యుత్ ఇంజన్, 29న ఇంకొకటి, వెనక మూడేసి పెట్టెలు మాత్రం తగిలించుకుని ఆ దారిలో పరుగెత్తాయి. గంటకు 331 కిలోమీటర్ల వేగం అందుకున్నామని ఫ్రెంచ్ రైల్వే ప్రకటించింది. పోయిన భాగంలో చెప్పుకున్న ఇంగ్లండ్ ఆవిరి ఇంజన్ మలార్డ్ 1938లో అందుకున్నది 203. పదిహేడేళ్లలో, మధ్యలో ఒక ప్రపంచయుద్ధం గడిచాక, రైలు వేగం ఇంత పెరిగింది.

పత్రికలన్నీ వేగం గురించే రాశాయి. దారి గతి ఏమైందో అప్పట్లో ఎవరూ రాయలేదు. ఇంజన్ నెత్తిన ఉండి కరెంటు తీగను తాకే చట్రాలు వేడికి కరిగాయి. బండి వెళ్లిపోయాక చూస్తే, అంతవరకూ తిన్నగా ఉన్న పట్టాలు అటూ ఇటూ మెలికలు తిరిగి ఉన్నాయి. ఇంకొక్క బండి ఆ వేగంతో వచ్చి ఉంటే ఏమయ్యేదో ఊహించడానికే భయం వేస్తుంది. ఆ పట్టాల ఫొటోను రైల్వేవాళ్లు చాలా ఏళ్లు బయటపెట్టలేదు.

హైస్పీడ్ రైళ్ల చరిత్ర చెప్పేవాళ్లు మామూలుగా 1964 నాటి టోక్యో నుంచి మొదలుపెడతారు. నేను ఈ మెలికలు తిరిగిన పట్టాల నుంచి మొదలుపెడుతున్నాను. మూడు వందల కిలోమీటర్ల వేగంతో పరుగెత్తే ఇంజన్ 1955 నాటికే మనుషుల చేతిలో ఉంది. ఆ పరుగును మోసే దారే లేదు. అందుకని ఆ తర్వాతి పాతికేళ్లూ రైల్వేల ముందున్న అసలు ప్రశ్న ఒక్కటే: పాత దారికి తగ్గట్టు బండిని మార్చాలా, కొత్త బండి కోసం దారినే కొత్తగా వేయాలా? జపాన్, బ్రిటన్, ఫ్రాన్స్ దీనికి మూడు రకాల జవాబులు చెప్పాయి. ఇంజనీర్ల ప్రతిభలో మూడు దేశాలకూ పెద్ద తేడా లేదు. తాతల కాలంలో పడిన పట్టాలే ఒక్కో దేశాన్ని ఒక్కో వైపు తోశాయి.

ఇరుకు పట్టాల దేశం

జపాన్‌లో తొలి రైలు 1872లో టోక్యో – యోకోహామా మధ్య నడిచింది. గేజి, అంటే రెండు పట్టాల మధ్య దూరం, 1067 మిల్లీమీటర్లు. యూరప్‌లో ఎక్కువ దేశాలు వాడే స్టాండర్డ్ గేజి 1435. మన బ్రాడ్ గేజి 1676. కొండలూ లోయలూ ఉన్న దేశంలో ఇరుకు పట్టాలు చవగ్గా పడతాయని ఆనాడు అనుకున్నారు. ఇరవయ్యో శతాబ్దం మొదటికల్లా ఆ చవక బేరం ఖరీదు తెలిసొచ్చింది. బరువైన బండ్లు, వేగమైన బండ్లు ఆ పట్టాల మీద కుదరవు.

మార్చేద్దామని గట్టిగా పట్టుబట్టిన వాళ్లలో గోతో షింపే అనే రాజకీయ నాయకుడు, షిమా యసుజిరో అనే ఇంజనీరు ఉన్నారు. 1917లో యోకోహామా దగ్గర ఒక లైను మీద వెడల్పు చేసి చూపించారు కూడా. కానీ ఆ మరుసటి ఏడాది వచ్చిన హరా తకాషి ప్రభుత్వం లెక్క వేరు. ఉన్న పట్టాలను వెడల్పు చేస్తే ఓట్లు రావు, రైలు లేని ఊళ్లకు రైలు వేస్తే వస్తాయి. 1919లో గేజి మార్పు అటకెక్కింది. షిమా యసుజిరో రైల్వే కొలువు వదిలి వెళ్లిపోయాడు.

ఇరవై ఏళ్ల తర్వాత ఆయన్నే మళ్లీ పిలిచారు. చైనాతో యుద్ధం నడుస్తోంది, ఓడరేవుల వైపు సైన్యం, సరుకూ పోటెత్తుతున్నాయి. టోక్యో నుంచి షిమొనొసెకి దాకా దాదాపు వెయ్యి కిలోమీటర్లు, స్టాండర్డ్ గేజిలో పూర్తిగా కొత్త మార్గం వేయాలని ఒక కమిటీ 1939లో కూర్చుంది. అధ్యక్షుడు షిమా యసుజిరో. తుపాకీ గుండు వేగంతో పోతుందని జనం దాన్ని ‘బుల్లెట్ రైలు’ అనసాగారు. మనం ఇవాళ వాడుతున్న మాట అప్పటిదే. భూమి కొన్నారు, కొన్ని సొరంగాలు మొదలుపెట్టారు. యుద్ధం ముదిరేసరికి అంతా ఆగిపోయింది. యసుజిరో 1946లో చనిపోయాడు.

కథలో మళ్లీ ఊపు వచ్చింది 1955 మే నెలలో. జపాన్ జాతీయ రైల్వేకు కొత్త అధ్యక్షుడిగా సోగో షింజీ వచ్చాడు. వయసు 71. యువకుడిగా గోతో షింపే దగ్గర పనిచేసినవాడు. స్టాండర్డ్ గేజి కల ఆయనకు గురువు నుంచి అబ్బింది. అప్పటికి ఆ కుర్చీ ముళ్ల కుర్చీ. 1951లో యోకోహామాలోని సకురగిచో స్టేషన్ దగ్గర తెగిన కరెంటు తీగ తగిలి రైలు అంటుకుంది. తలుపులు తెరుచుకోక 106 మంది లోపలే కాలిపోయారు. ఆ ఘోరం తర్వాత ఉద్యోగం వదులుకుని వెళ్లిపోయిన పెద్ద ఇంజనీర్లలో షిమా హిదేవో ఒకడు. యసుజిరో కొడుకే. సోగో ఆయన దగ్గరికి వెళ్లి, తండ్రి మొదలుపెట్టిన పని కొడుకుగా పూర్తి చెయ్యమని అడిగి తీసుకొచ్చాడు.

వాళ్లిద్దరి చేతిలో ఉన్న సమస్య వేగం కాదు, రద్దీ. టోక్యో నుంచి ఒసాకాకు పోయే తోకైదో లైను దేశంలోని మొత్తం పట్టాల్లో మూడు శాతమే ఉంటుంది. ప్రయాణికుల్లోనూ సరుకులోనూ దాదాపు నాలుగో వంతు దాని మీదే. ఇంకొన్నేళ్లలో ఆ లైను మీద కొత్త బండికి చోటు దొరకదు. అందరూ ఒప్పుకున్న మందు ఏమిటంటే, పాత పట్టాల పక్కనే అదే ఇరుకు గేజిలో ఇంకో జత వేయడం. ఖర్చు తక్కువ, తగాదా తక్కువ. సోగో ఒక్కడే కాదన్నాడు. వేసేదేదో స్టాండర్డ్ గేజిలో, లెవెల్ క్రాసింగ్ ఒక్కటి కూడా లేకుండా, గూడ్సు బండ్లతో కలవకుండా, విడిగా వేద్దామన్నాడు.

ఇది ఆ రోజుల్లో ఎంత వెర్రిగా కనిపించిందో ఇప్పుడు ఊహించడం కష్టం. అమెరికా రైళ్లను వదిలి విమానాలూ కార్లూ ఎక్కుతోంది. బ్రిటన్ లైన్లు మూసే ఆలోచనలో ఉంది. ఒక ప్రసిద్ధ జపాన్ రచయిత, చైనా గోడ, పిరమిడ్లు, యమాటో యుద్ధనౌకల సరసన నాలుగో నిరర్థక మహానిర్మాణం ఇదే అవుతుందని హెచ్చరించాడు. రైల్వే ఇంజనీర్లలోనే చాలామంది నమ్మలేదు.

నమ్మించిన వాళ్లు ఎక్కడి నుంచి వచ్చారన్నది నాకు ఈ చరిత్రలో అన్నిటికన్నా ఆసక్తికరమైన సంగతి. యుద్ధంలో ఓడిన జపాన్‌కు విమానాలు తయారుచేసే హక్కు పోయింది. నౌకాదళానికి బాంబర్లు గీసిన మికీ తదనావో, జీరో యుద్ధవిమానం గాలిలో ఎందుకు వణికి విరిగిపోతోందో కనిపెట్టిన మత్సుదైరా తదాషి, సైన్యంలో సిగ్నల్ పరికరాల మీద పనిచేసిన కవనబే హజిమే, ముగ్గురూ రైల్వే పరిశోధనాలయంలో తేలారు. వేగం పెరిగితే చక్రాలు పట్టాల మధ్య అటూ ఇటూ కొట్టుకోవడం, బండి ఊగిపోవడం అప్పటిదాకా పట్టాల లోపమని అనుకునేవారు. విమానం రెక్కల వణుకు లెక్కలు కట్టిన మత్సుదైరాకు అది బండికి స్వతహాగా ఉన్న కంపనమని, స్ప్రింగులు సరిచేస్తే అణుగుతుందని తోచింది. మికీ బండి ముక్కును గాలిని చీల్చేలా గీశాడు. గంటకు 200 దాటాక డ్రైవర్ కంటితో దారి పక్క సిగ్నల్ చూసి బ్రేకు వేయలేడు కాబట్టి సిగ్నలే బండిలోకి రావాలని, డ్రైవర్ మరిచినా బండి తనంతట తాను వేగం తగ్గించుకోవాలని కవనబే పట్టుబట్టాడు. 1957 మే 30న టోక్యోలోని గింజాలో పరిశోధనాలయం బహిరంగ సభ పెట్టి, టోక్యో – ఒసాకా మూడు గంటల్లో సాధ్యమేనని ప్రకటించింది. వానలోనూ హాలు నిండిపోయింది. అప్పటికి ఆ ప్రయాణానికి ఏడు గంటలకు పైనే పట్టేది.

షిమా హిదేవో ఇంజనీరుగా చేసిన గొప్ప పని కొత్తది కనిపెట్టడం కాదు, కొత్తదాన్ని దూరం పెట్టడం. ఎక్కడో ఒకచోట అప్పటికే పనిచేసి చూపించినవే వాడాలన్నాడు. ఎక్కువ ఓల్టేజి ఏసీ కరెంటు ఫ్రెంచివాళ్లు నిరూపించారు, తీసుకున్నారు. ముందు ఒక బరువైన ఇంజన్ పెట్టి లాగే పద్ధతి మానేసి, ప్రతి పెట్టె కింద మోటార్లు అమర్చారు. దాంతో ఏ ఒక్క చోటా పట్టాల మీద బరువు మోపుకాదు. మెత్తటి నేల ఉన్న దేశానికి అది సరిపోయింది. ఈ పట్టుదల డబ్బు విషయంలోనూ పనికొచ్చింది. ప్రపంచ బ్యాంకు ప్రయోగాలకు అప్పు ఇవ్వదు. ఇందులో ప్రయోగమేమీ లేదని చూపించి 1961లో 8 కోట్ల డాలర్లు తెచ్చుకున్నారు. మొత్తం ఖర్చులో అది చిన్న భాగమే. కానీ అంతర్జాతీయ సంస్థకు సంతకం పెట్టాక, రేపు ఏ ప్రభుత్వం వచ్చినా పని మధ్యలో ఆపలేదు. అప్పు తెమ్మని సలహా ఇచ్చిన ఆర్థికమంత్రి సాతో ఎయిసాకు ఒకప్పుడు రైల్వే అధికారి. ఆయనకు ఈ కిటుకు బాగా తెలుసు.

ఇక ఖర్చు. పార్లమెంటుకు సోగో చెప్పిన అంచనా దాదాపు 20 వేల కోట్ల యెన్‌లు. అయింది 38 వేల కోట్లు. అసలు అంకె తనకు ముందే తెలుసని, చెబితే పార్లమెంటు ఒప్పుకోదని తగ్గించి చెప్పాడని తర్వాత తేలింది. ఆయన మీద ఎంత గౌరవం ఉన్నా ఇది ఒప్పు అని నేను రాయలేను. ప్రజల డబ్బు లెక్క ప్రజలకు తప్పు చెప్పకూడదు. దాని మూల్యం మాత్రం ఆయనే చెల్లించాడు: 1963లో పదవి పోయింది. షిమా కూడా వెంటే రాజీనామా చేశాడు. 1964 అక్టోబర్ 1 ఉదయం ఆరు గంటలకు టోక్యో స్టేషన్‌లో కొత్త అధ్యక్షుడు రిబ్బను కత్తిరించి తొలి ‘హికారి’ రైలును సాగనంపినప్పుడు ఆ ప్లాట్‌ఫారం మీద సోగో లేడు, షిమా లేడు. షిమా దాన్ని ఇంట్లో టీవీలో చూశాడు. టోక్యో ఒలింపిక్స్ ఇంకా పది రోజుల్లో మొదలవుతాయనగా, షింకాన్‌సెన్ అని పేరుపెట్టిన ఈ కొత్త మార్గం మొదలైంది.

515 కిలోమీటర్లు, అత్యధిక వేగం 210. కొత్త కట్టలు కుదురుకునే దాకా మొదటి ఏడాది నాలుగు గంటలు పట్టింది. 1965 నవంబర్ నుంచి మూడు గంటల పది నిమిషాలు. మూడేళ్లు నిండకముందే పది కోట్ల మంది ఎక్కారు. ఇవాళ్టిదాకా షింకాన్‌సెన్ మార్గాల్లో రైలు పట్టాలు తప్పిగానీ, రెండు రైళ్లు ఢీకొనిగానీ ఒక్క ప్రయాణికుడు చనిపోలేదు. విడిగా వేసిన దారి ఇచ్చిన వరం అది. గూడ్సు లేదు, గేటు లేదు, గేదె అడ్డం రాదు.

పక్కన కాపురం ఉన్నవాళ్లకు ఆ దారి వరం కాలేదు. నాగోయా నగరంలో ఇళ్ల మధ్య నుంచి ఐదేసి నిమిషాలకు ఒక బండి దూసుకుపోతుంటే గోడలు అదిరేవి, పిల్లలు నిద్రపోయేవారు కాదు. 1974లో అక్కడి కుటుంబాలు వందల సంఖ్యలో కోర్టుకెక్కాయి. 1986లో గానీ రాజీ కుదరలేదు. జపాన్ రైల్వే శబ్దం మీద తర్వాత చేసిన శ్రమకు, ఇవాళ్టి రైళ్ల పొడవాటి ముక్కులకు, పట్టాల పక్క గోడలకు వెనక ఆ కుటుంబాల పోరాటం ఉంది.

బండిని ఒంచిన దేశం

జపాన్‌లో షింకాన్‌సెన్ పనులు ముగింపుకొస్తున్న రోజుల్లో, 1963 మార్చిలో, బ్రిటన్‌లో బీచింగ్ నివేదిక వచ్చింది. నష్టాలు తెస్తున్నాయని వేల మైళ్ల లైన్లు, రెండు వేలకు పైగా స్టేషన్లు మూసేయమని అది చెప్పింది. రైలు పుట్టిన దేశం రైలును కుదించుకుంటున్న కాలం. కొత్త దారి వెయ్యండని అడిగే ధైర్యం ఎవరికుంటుంది?

అయినా డెర్బీలోని బ్రిటిష్ రైల్ పరిశోధన విభాగంలో ప్రతిభకు కొదవ లేదు. 1962లో అలన్ వికెన్స్ అనే యువకుడు అక్కడ చేరాడు. అంతకుముందు ఆయన ‘బ్లూ స్టీల్’ అనే క్షిపణికి కంపనాల లెక్కలు కట్టాడు. మత్సుదైరా లాగే విమానాల వైపు నుంచి వచ్చి, అదే చక్రాల ఊగిసలాటను అందుకుని, గణితంతో చక్కగా విప్పాడు. రెండు దీవుల్లో, వేర్వేరు దారుల్లో వచ్చిన ఇద్దరు ఒకే ముడి విప్పారు. విప్పాక మాత్రం వాళ్ల చేతికి వచ్చిన పని వేరు. మత్సుదైరాకు వంపులు తక్కువైన కొత్త దారి ఇచ్చారు. వికెన్స్ బృందానికి విక్టోరియా రాణి కాలపు వంపుల దారి ఇచ్చి, ఒక్క పట్టా మార్చకుండా, ఒక్క సిగ్నల్ కదపకుండా గంటకు 250 కిలోమీటర్ల బండి చేసిపెట్టమన్నారు.

దానికి వాళ్లు చెప్పిన జవాబు ఏపీటీ, ఒంగే రైలు. మలుపులో సైకిల్ తొక్కేవాడు ఎలా ఒరుగుతాడో, అలా పెట్టెలు మలుపు లోపలి వైపు తొమ్మిది డిగ్రీల దాకా ఒరుగుతాయి. బండి వేగంగా తిరిగినా లోపల కూర్చున్నవాడు పక్కకు పడడు. గ్యాస్ టర్బైన్‌తో చేసిన నమూనా 1972 జులైలో బయటికొచ్చింది. డ్రైవర్ క్యాబిన్‌లో సీటు ఒక్కటే ఉందని యూనియన్ అభ్యంతరం చెప్పడంతో దాదాపు ఏడాది పాటు షెడ్డులోనే ఉండిపోయింది. 1975 ఆగస్టులో గంటకు 245 కిలోమీటర్లు అందుకుంది. తర్వాత వచ్చిన విద్యుత్ నమూనా 1979లో 261 తాకింది. పాత పట్టాల మీద ఇది నిజంగా అద్భుతం.

అద్భుతాన్ని రోజువారీ బండిగా మార్చడానికి డబ్బూ మనుషులూ చాలినంత లేరు. ఒంగే యంత్రాంగం కొత్తది, నీటితో పనిచేసే బ్రేకులు కొత్తవి, ఇంకా ఎన్నో ఒకేసారి కొత్తవి. షిమా దూరం పెట్టిన దారి ఇదే. 1981 డిసెంబర్ 7న గ్లాస్గో నుంచి లండన్‌కు పత్రికలవాళ్లను ఎక్కించుకుని తొలి ప్రజా ప్రయాణం జరిగింది. నాలుగు గంటల పద్నాలుగు నిమిషాల్లో చేరింది, రికార్డే. కానీ దిగినవాళ్లు తల తిరిగిందని, కడుపులో తిప్పిందని రాశారు. ఆ వారమే కొరికే చలి. బ్రేకులు గడ్డకట్టాయి, ఒరిగే యంత్రం మొరాయించింది. కొద్ది రోజుల్లోనే బండిని ఆపేశారు. దేశమంతా నవ్వింది.

తల ఎందుకు తిరిగిందో తర్వాత తెలిసింది. మలుపులో కలిగే పక్కతోపును బండి పూర్తిగా మాయం చేసేది. చెవి లోపలి ఇంద్రియం ‘మనం తిన్నగా పోతున్నాం’ అంటుంది. కిటికీలోంచి కన్ను ‘నేల ఒరిగిపోయింది’ అంటుంది. రెండింటికీ పొత్తు కుదరక వాంతి వస్తుంది. ఒంపు కాస్త తగ్గించి, మలుపు కొంచెం ఒంటికి తెలిసేలా ఉంచితే బాధ పోయింది. అంత చిన్న మందు. దాంతో 1984లో ఆ బండి చడీచప్పుడు లేకుండా మళ్లీ నడిచింది, బాగానే నడిచింది. అప్పటికే దాని మీద పాలకుల మనసు విరిగిపోయింది. ఒకటి రెండేళ్లలో మూలపడింది. 2002లో అదే గ్లాస్గో – లండన్ దారిలో ఒంగే రైళ్లు మళ్లీ వచ్చాయి. వాటి ఒంపు ఇటలీవాళ్ల కంపెనీలో పెరిగిన విద్య. వికెన్స్ బృందం పడ్డ కష్టం తలుచుకుంటే నాకు మనసు కష్టంగా ఉంటుంది. తప్పు వాళ్ల లెక్కల్లో లేదు. మొత్తం భారాన్ని బండి మీద వేసి, దారి మీద రూపాయి పెట్టని నిర్ణయంలో ఉంది.

ఆ మధ్యలో బ్రిటన్‌ను ఆదుకున్నది ఒక సాదా బండి. రెండు కొసలా డీజిల్ ఇంజన్లతో, ఒంపు లేకుండా, గంటకు 200 కిలోమీటర్లు పోయే ఇంటర్‌సిటీ 125 రైళ్లు 1976లో మొదలై నలభై ఏళ్లకు పైగా పనిచేశాయి.

రెండింటినీ కలిపిన దేశం

మెలికలు తిరిగిన పట్టాల ఫ్రాన్స్‌కు తిరిగి వద్దాం. 1955 రికార్డు తర్వాత పదేళ్లు ఫ్రెంచ్ రైల్వే ఆ వేగాన్ని ఏం చేసుకోవాలో తెలియనట్టే ఉంది. షింకాన్‌సెన్ విజయం చూశాకే 1966లో కొత్త దారుల గురించి పరిశోధన విభాగం పని మొదలుపెట్టింది. ఇక్కడా అసలు బాధ రద్దీయే. పారిస్ నుంచి లియాన్‌కు పోయే పాత లైను దీజోన్ ముందు కొండల్లో రెండు జతల పట్టాలకు ఇరుకైపోతుంది. దేశంలోని పెద్ద రద్దీ అంతా ఆ సందులోంచే దూరాలి.

రైల్వే లోపల ఈ పని జరుగుతుండగా, బయట ప్రభుత్వం వేరే గుర్రం మీద పందెం కాసింది. జాఁ బెర్తాఁ అనే విమాన ఇంజనీరు చక్రాలే లేని బండి చేశాడు. కాంక్రీటు దిమ్మె మీద గాలి పరుపుపై తేలుతూ పోతుంది. పేరు ఏరోట్రెయిన్. ఓర్లియాన్ దగ్గర పొలాల మీదుగా 18 కిలోమీటర్ల ఎత్తైన దారి కట్టి, 1974 మార్చిలో గంటకు 430 కిలోమీటర్లు అందుకున్నాడు. జూన్‌లో పారిస్ శివార్లలో నిజమైన లైను వేయడానికి ఒప్పందం అయింది. జులైలో కొత్త అధ్యక్షుడు జిస్కార్ ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. బెర్తాఁ మరుసటి ఏడాది డిసెంబర్‌లో చనిపోయాడు. ఆయన కట్టిన స్తంభాల దారి చాలా భాగం ఇప్పటికీ నిలిచే ఉంది.

ఏరోట్రెయిన్ ఎందుకు ఓడిపోయిందో అర్థమైతే, రైల్వే లోపల తయారవుతున్న హైస్పీడ్ రైలు టీజీవీ ఎందుకు గెలిచిందో అర్థమవుతుంది. గాలిలో తేలే బండికి ఊరి నడిబొడ్డు దాకా కూడా కొత్త దారే కావాలి. పారిస్ మధ్యలో ఇళ్లు కూల్చి ఆ దిమ్మె వేయడం ఎవరి తరం? ఫ్రాన్స్ పాత పట్టాలు స్టాండర్డ్ గేజి. కాబట్టి పొలాల మధ్య మాత్రం కొత్త దారి వేసి, ఊళ్లోకి వచ్చేసరికి అదే బండిని నెమ్మదిగా పాత పట్టాల మీదుగా పాత స్టేషన్‌కు నడిపించవచ్చు. కొత్త దారి దాటాక పాత లైన్ల మీదే మార్సే దాకా, జెనీవా దాకా పంపవచ్చు. జపాన్ గేజి ఆ దేశానికి ఈ వెసులుబాటు ఇవ్వలేదు. ఫ్రాన్స్ గేజి ఇచ్చింది. 400 కిలోమీటర్ల కొత్త దారి వేస్తే, దాని లాభం దానికి ఇరువైపులా ఉన్న పదుల ఊళ్లకు అందింది.

కొత్త లైను గీసిన తీరు కూడా మెచ్చుకోదగ్గది. గూడ్సు బండ్లు రావు, వచ్చేవి తేలికైన, బలమైన ప్రయాణికుల బండ్లే అని ముందే తేల్చుకున్నారు. అలాంటి బండి ఊపు మీద ఎంత నిటారు ఎత్తునైనా ఎక్కేస్తుంది. అందుకని వెయ్యి మీటర్లకు 35 మీటర్ల ఎత్తు పెరిగే వాలులు పెట్టి కొండల మీద నుంచే దారి తీశారు. మొత్తం కొత్త లైనులో ఒక్క సొరంగం కూడా లేదు. పాత దారి 512 కిలోమీటర్లుంటే, ఇది 85 కిలోమీటర్లకు పైగా దగ్గర. ఖర్చు రైల్వే తానే అప్పు తెచ్చి పెట్టుకుంది.

మొదట్లో టీజీవీ కూడా గ్యాస్ టర్బైన్ బండే. 1972లో ఆ నమూనా 318 కిలోమీటర్లు అందుకుంది. మరుసటి ఏడాది చమురు సంక్షోభం వచ్చింది; చమురు ధర నాలుగింతలైంది. 1974 మార్చిలో, అధ్యక్షుడు పొంపిదూ చనిపోవడానికి కొన్ని వారాల ముందు, ఆయన హయాంలోనే లైనుకు అనుమతి వచ్చింది. బండిని విద్యుత్‌కు మార్చుకున్నారు. 1981 సెప్టెంబర్‌లో అధ్యక్షుడు మితెరాఁ ప్రారంభించాడు. బ్రిటన్‌లో ఏపీటీ నవ్వులపాలైంది సరిగ్గా ఆ ఏడాది చివరనే. 1983లో రెండో ముక్క పూర్తయ్యేసరికి నాలుగు గంటలకు దగ్గరగా ఉన్న పారిస్ – లియాన్ ప్రయాణం రెండు గంటలకు దిగింది. టికెట్ ధర మామూలు రైలుకు దగ్గరగానే ఉంచారు. వేగం ధనికుల సొత్తు కాకుండా చేసిన ఈ నిర్ణయం నా దృష్టిలో 1955 రికార్డు కన్నా పెద్దది. రెండు నగరాల మధ్య విమానాలు చూస్తుండగానే ఖాళీ అయ్యాయి.

మన పట్టాల సంగతి

ఈ మూడు జవాబుల్లో రెండు ఇవాళ మన దేశంలో పక్కపక్కనే నడుస్తున్నాయి.

ముంబయి – అహ్మదాబాద్ మధ్య 508 కిలోమీటర్ల మార్గానికి 2017 సెప్టెంబర్ 14న సబర్మతిలో ప్రధాని మోదీ, జపాన్ ప్రధాని షింజో అబే శంకుస్థాపన చేశారు. అది పూర్తిగా జపాన్ జవాబు: 1435 గేజి, స్తంభాల మీద విడి దారి, జపాన్ అప్పు, జపాన్ పద్ధతి. మన రైళ్లు దాని మీదికి పోలేవు, అది మన స్టేషన్లలోకి రాలేదు. మన బ్రాడ్ గేజి ఇరుకైనదేమీ కాదు, జపాన్‌కు ఉన్న బాధ మనకు లేదు. 1676లోనే కొత్త లైను వేసుంటే ఫ్రాన్స్ లాగా పాత పట్టాలతో కలుపుకునే వీలుండేది గదా అని వాదించిన రైల్వే నిపుణులు ఉన్నారు. ఆ వాదనలో పస ఉందనే నేను అనుకుంటాను. ప్రపంచంలో హైస్పీడ్ బండ్లన్నీ దాదాపు 1435లోనే తయారవుతున్నాయి, విడి దారి ఉంటేనే షింకాన్‌సెన్ భద్రత వస్తుంది అన్న అవతలి వాదన కూడా తేలికైనది కాదు. ముంబయి – హైదరాబాద్ మధ్య దాదాపు 711 కిలోమీటర్ల మార్గానికి ప్రాజెక్టు నివేదిక తయారుచేసే పని అహ్మదాబాద్ మార్గం వేస్తున్న సంస్థకే అప్పగించారు కాబట్టి, ఈ చర్చ తెలుగువాళ్లకు దూరపు చుట్టం కాదు.

రెండోది వందేభారత్. ఇది బ్రిటన్ ఇంటర్‌సిటీ జవాబు: దారి పాతది, బండి కొత్తది. గంటకు 180 కిలోమీటర్లు పోగల బండి. 2023 సంక్రాంతి నాడు సికింద్రాబాద్ – విశాఖపట్నం మధ్య మొదలైన వందేభారత్ దాదాపు 700 కిలోమీటర్లకు ఎనిమిదిన్నర గంటలు తీసుకుంది. అంటే సగటున గంటకు 82. కాజీపేట – విజయవాడ మధ్య ప్రయాణించినవాళ్లకు కారణం చెప్పక్కర్లేదు. బొగ్గు గూడ్సులు, సిమెంటు గూడ్సులు, ఉత్తరాది ఎక్స్‌ప్రెస్‌లు అన్నీ ఆ దారిలోనే క్యూ కడతాయి. 1955 నాటి తోకైదో లైను బాధ మన కళ్లముందే ఉంది.

కవనబే పట్టుబట్టిన సంగతి మాత్రం మన దగ్గర తెలుగు నేల మీదే రూపు దిద్దుకుంది. డ్రైవర్ సిగ్నల్ దాటినా బండి తనంతట తాను ఆగే ‘కవచ్’ను దక్షిణ మధ్య రైల్వే లైన్ల మీదే పరీక్షించారు. 2022 మార్చి 4న వికారాబాద్ దగ్గర గుల్లగూడ – చిట్‌గిడ్డ స్టేషన్ల మధ్య ఒకే లైను మీద రెండు ఇంజన్లను ఎదురెదురుగా నడిపి, అవి తమంతట తామే ఆగడం రైల్వే మంత్రి స్వయంగా ఒక ఇంజన్‌లో కూర్చుని చూశారు. ఆ పరికరాలను మొదట తయారుచేసిన మూడు కంపెనీలూ హైదరాబాద్‌వే.

బ్రాడ్ గేజి ఉన్న దేశం స్టాండర్డ్ గేజిలో హైస్పీడ్ లైను వేస్తే ఏమవుతుంది? దీన్ని మనకన్నా ముందే ఎదుర్కొన్న దేశం స్పెయిన్. దాని పాత గేజి 1668, మనకన్నా 8 మిల్లీమీటర్లు మాత్రమే తక్కువ. మాడ్రిడ్ – సెవిల్ లైను పనులు నడుస్తుండగానే, 1988 డిసెంబర్‌లో, గేజి మార్చేద్దామని అక్కడి ప్రభుత్వం నిర్ణయం తీసుకుంది. 1992 ఏప్రిల్‌లో లైను మొదలైంది. ఆ నిర్ణయం ఎలా జరిగిందో, పట్టాల వెడల్పు మారిన చోట చక్రాలను సర్దుకుంటూ సాగిపోయే టాల్గో రైళ్లు స్పెయిన్‌ను ఎలా ఒడ్డెక్కించాయో వచ్చే వారం.